మూడో పిలుపు

కథ మూడో పేజీ దాటడం లేదు.

షిఫ్టు అయిపోయి అందరూ బొగ్గుబాయిలోంచి పైకి వచ్చాక, క్యాంటీన్ వెనక బెంచీ మీద కూర్చుని యేసుదానం గొంతు తగ్గించి చదువుతున్నాడు. "బంగ్లాలో దీపం కొడిగట్టింది. నెత్తి మీద దూలం కిర్రుమంది. ఆయన తలెత్తి చూశాడు. దూలం మళ్లీ కిర్రుమంది. ఆయన కుర్చీలోంచి కదల్లేదు..."

"ఆగాగు కాకా," అన్నాడు మొగిలి. చేతిలో సగం కొరికిన బజ్జీ ఉంది. "దూలం కిర్రుమన్నదా?"

"అన్నది."

"గాయన ఇన్నడా?"

"ఇన్నడు. రెండుసార్లు ఇన్నడు."

"మరి కుర్సీల ఎందుకు కూసున్నడు?"

"భయంతోని. కాళ్లు చేతులు ఆడతలెవ్వు."

"భయమైతే ఉరుకుతరు గని కూసుంటరా?"

"చెవుడున్నట్టుంది," అన్నాడు బుచ్చన్న, టీ ఊదుకుంటూ.

"ఇన్నడంటున్నడు గదనే," అన్నాడు కొమురెల్లి.

"ఒక్క చెవుతోని ఇన్నడేమో."

ఎల్లేశానికి నవ్వుతో పొలమారింది. యేసుదానం కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పోయిన నెలా ఇక్కడే ఆగింది, అంతకుముందు నెలా ఇక్కడే. ఎనిమిది పేజీల కథలో మిగతా అయిదు పేజీలు ఇంతవరకు ఏ మనిషి చెవినా పడలేదు.

వాళ్లను తప్పుపట్టడానికి కూడా లేదు. యేసుదానంతో కలిపి అయిదుగురిదీ టింబర్ గ్యాంగు. బొగ్గు తీసిన చోట పైబండకు దుంగలు ఆనించి నిలబెట్టడం వాళ్ల పని. యేసుదానం మేస్త్రీ. పైబండ కదిలే సంగతి మనిషి కంటే ముందు దుంగకు తెలుస్తుంది. అది సన్నగా కిర్రుమంటుంది. కట్టె పలికింది అంటారు వాళ్లు. కట్టె పలికితే చేతిలో ఉన్నది అక్కడే వదిలి మలుపు దాకా ఉరకాలి. కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు నేర్పేది అదే. అట్లాంటి చెవులకు, దూలం రెండుసార్లు కిర్రుమన్నా కుర్చీలో కూర్చున్నవాడి కథ చెబితే జాలి పుట్టదు, భయమూ పుట్టదు. కోపం వస్తుంది.

వాళ్ల గ్యాంగులో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఉరికివచ్చాక మేస్త్రీ మలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి పేరు పిలుస్తాడు. పిలిచినవాడు పలకాలి. దుమ్ము లేచినప్పుడు నెత్తి మీది లైటు వెలుగు మూరెడు దూరం పోదు, గొంతు ఒక్కటే ఆనవాలు. అందరూ పలికితేనే మేస్త్రీ అక్కడి నుంచి కదులుతాడు. కంపెనీ తరఫున సర్దారు రాసుకునే మనుషుల లెక్క వేరు. ఇది పాత మేస్త్రీ నుంచి యేసుదానానికి వచ్చింది, దుంగను తట్టి చూసే చిన్న గొడ్డలితో పాటు.

యేసుదానానికి అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. తండ్రి తట్ట మోసిన మనిషి. పదో తరగతి తప్పాక కొడుకునూ బాయికే తెచ్చాడు. చదువు బడిలో ఆగింది గాని చర్చిలో ఆగలేదు. ఆదివారం వాక్యం చదవమని పాస్టరయ్యగారు అతన్నే పిలిచేవారు, గొంతు బాగుంటుందని. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మెల్లగా పోవాలో అతనికి అక్కడే అబ్బింది. వారపత్రికల్లో దయ్యాల కథలు వస్తే వదిలేవాడు కాదు. అయితే చదివిన ప్రతిసారీ చిరాకు పడేవాడు. తెల్లచీర, గజ్జెల చప్పుడు, నక్క కూత. ఇంత భయం బాయిలో మొదటిసారి దిగేటప్పుడు ట్రాలీ తాడు చూస్తేనే ఉంటది గదా, అనుకునేవాడు. అట్లా తనే రాయడం మొదలుపెట్టాడు.

"దయ్యాల కథలు రాస్తున్నవటగా?" అని పాస్టరయ్యగారు ఒకసారి నిలదీశారు.

"దయ్యం ఉండదయ్యగారూ అందుల."

"మరేముంటది?"

ఆ ప్రశ్నకు జవాబు యేసుదానానికి తర్వాత గ్రంథాలయంలో దొరికింది.

గోదావరిఖని గ్రంథాలయంలో నెలకో ఆదివారం కథలు చదువుకునే బృందం ఒకటి నడిచేది. నడిపేది రమ మేడం, డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవారు. ఆ ఏడు, అంటే రెండువేల ఏడులో, ఆమె ఎండాకాలమంతా భయం కథల మీదే మాట్లాడారు. దేశదేశాల పాత కథలు తనే తెలుగు చేసి జిరాక్సు తీయించి పంచారు. అందులో పాడుబడిన కోటలు, గోడలో పూడ్చిన మనుషులు, తాళం వేసిన గదులు. "దయ్యం ముఖ్యం కాదు. దయ్యం రాకముందు ఉండే సేపు ముఖ్యం," అన్నారామె. ఇల్లు మనిషి మనసులా ఉండాలన్నారు. జరగబోయేదాన్ని ముందే చిన్న చప్పుడులో పెట్టాలన్నారు. కథ చెప్పేవాడి మాటే నమ్మలేకుండా ఉంటే, ఆ కథ చదివేవాడి కాళ్ల కింద నేల ఉండదన్నారు. యేసుదానం ఆ మాటలన్నీ పూర్తిగా పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుగా తనకు అర్థంకాని ఆకలికి ఎవరో పేరు పెట్టినట్టనిపించింది.

దసరాకు బృందం కథలన్నీ కలిపి పుస్తకం వేయాలనుకున్నారు. మంచిర్యాలలో ప్రెస్సు మాట్లాడారు. తలా ఒక కథ. యేసుదానానికి అదే కావాలి. బాయిలో రూఫ్ బోల్టులు వచ్చేశాయి. యంత్రంతో బండకు బెజ్జం వేసి ఇనుప కడ్డీ బిగిస్తే దుంగతో పనిలేదు. తన చేతిపని ఎంత పెద్దదైనా, తర్వాత వచ్చే తవ్వకంలో బండతో పాటు కూలిపోయేదే. నిలిచేది ఒక్కటన్నా ఉండాలి, దాని మీద తన పేరుండాలి, అది భయం కథై ఉండాలి. అంతకుమించి ఏమీ కోరలేదు.

అందుకే బంగ్లా కథ రాశాడు. బంగ్లా ఎట్లా ఉంటుందో చూద్దామని గుట్ట మీది మేనేజరు బంగ్లా దాకా సైకిల్ మీద పోయాడు. లోపల ఏసీ మోగుతోంది. గేటు దగ్గర బొచ్చుకుక్క వచ్చి చెయ్యి నాకింది. సాలెగూళ్లు ఊహించుకుని రాయాల్సి వచ్చింది.

"వాతావరణం బాగా కుదిరింది యేసుదానం గారూ," అన్నారు రమ మేడం. "దూలం చప్పుడు కూడా మంచి సూచన. కానీ ఆయన ఆ గదిలో ఎందుకు ఉండిపోయాడు? ఆయన బయటికి రాలేకపోవాలి. చదివేవాళ్లు కూడా రాలేకపోవాలి."

మొగిలి అన్నదీ అదే, బజ్జీ తింటూ అన్నాడంతే.

ఆ తర్వాత రెండు నెలలు యేసుదానం ఆ మనిషిని గదిలో ఉంచడానికి పడరాని పాట్లు పడ్డాడు. తలుపుకు బయట గొళ్లెం పెట్టాడు. కిటికీ లేదా అన్నాడు కొమురెల్లి. కిటికీ తీసేశాడు. కిటికీ లేని బంగ్లా ఎవడు కడ్తడు అన్నాడు ఎల్లేశం. కాలు విరగ్గొట్టాడు. చేతులున్నయి గదా, పాకుతడు అన్నాడు బుచ్చన్న. చచ్చిపోయిన భార్య ఫోటో పెట్టాడు. ఫోటో చంకల పెట్టుకొని ఉరుకుతడు అన్నాడు మొగిలి. ఇంట్లో సుసన్నా మరీ అన్యాయం. అన్నం పెట్టేటప్పుడల్లా అడిగేది.

"ఆ మనిషిని ఇయ్యాలన్న బయటికి తెచ్చినవా?"

"తెచ్చేది కాదే. ఉంచేది."

"ఏం పాపం చేసిండని? ఉసురు తగుల్తది."

యేసుదానం కంచం ముందునుంచి లేచిపోయేవాడు. మళ్లీ ఆకలై వచ్చి కూర్చునేవాడు.

జవాబు బాయిలోనే దొరికింది. ఒక పొద్దు కట్టె పలికింది. అందరూ ఉరికారు. యేసుదానం మలుపు దగ్గర నిలబడి పిలిచాడు. మొగిలి పలికాడు, కొమురెల్లి పలికాడు, బుచ్చన్న పలికాడు. "ఎల్లేశం!" అంటే పలుకు లేదు. గుండె ఒకసారి కొట్టుకునేంత సేపు, అంతే. "ఉన్ననే," అంటూ ఎల్లేశం పక్కనే ఉమ్మేశాడు. నోట్లో తంబాకు ఉండిందట. కానీ ఆ కాస్త సేపట్లో యేసుదానం కుడికాలు తనకు తెలియకుండానే లోపలి వైపు పడి ఉంది. నెత్తి మీది లైటు కిందికి వంచి ఆ కాలునే చూసుకుంటూ నిలబడ్డాడు.

గదిలో ఉండే మనిషి దొరికాడు. పేరు పిలిచి, పలుకు కోసం ఆగిన మనిషి.

బంగ్లా మొత్తం కొట్టేశాడు. సాలెగూళ్లు పోయాయి, దీపం పోయింది. కథను "నేను" అంటూ మొదలుపెట్టాడు. కట్టె పలికింది, నేను నా వాళ్లను బయటికి తరిమి మలుపు దగ్గర నిలబడ్డాను, అని మేస్త్రీ చెబుతుంటాడు. పేరు పిలుస్తాడు. పలుకుతారు, కానీ గొంతులు ఎక్కడో బండకు అవతలి నుంచి వస్తుంటాయి. రమ్మంటే రారు. తిడతాడు, బతిమాలుతాడు, మళ్లీ వరసగా పిలుస్తాడు. చివరికి అవతల ఉన్నవాళ్లే ఒక పేరు పిలవడం మొదలుపెడతారు. ఆ పేరువాడు ఎందుకు పలకడం లేదని మేస్త్రీకి కోపం వస్తుంది. కథ ఆఖరి వాక్యంలో ఆ పేరు తనదేనని తెలుస్తుంది. బండ కింద ఉన్నది తనే.

పేర్లు మాత్రం మార్చలేదు. మొగిలి, కొమురెల్లి, బుచ్చన్న, ఎల్లేశం. ఏవేవో పేర్లు పెట్టి చూశాడు గాని నోట్లో ఆడలేదు. ఆ వరస అతని నాలుకకు అట్లా అలవాటైపోయింది.

గ్రంథాలయంలో యేసుదానం చదివి ముగించాడు. రమ మేడం కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "పుస్తకంలో ఇది మొదటి కథ," అన్నారు.

మర్నాడు క్యాంటీన్ వెనక చదివాడు. మూడో పేజీ దాటింది. అయిదో పేజీ దాటింది. ఎవరూ అడ్డు రాలేదు. మొగిలి టీ గ్లాసులో మీగడ కట్టింది. చివరి వాక్యం అయ్యాక బుచ్చన్న గొంతు సవరించుకున్నాడు.

"పేర్లు మాయేనా?"

"మీయే."

"ఊకెనే పెట్టినవా?"

"నిజమనిపిస్తదని."

"అనిపిచ్చింది," అన్నాడు బుచ్చన్న, లేస్తూ. మిగతావాళ్లూ లేచారు. ఎవరూ నవ్వలేదు, ఎకసెక్కం ఆడలేదు. ఆ సాయంత్రం యేసుదానం సైకిల్ తొక్కుతూ పాట పాడుకున్నాడు. పవర్‌హౌస్ చిమ్నీల మీద ఆకాశం ఎర్రగా ఉంది. కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా సుసన్నాతో అనలేదు.

తర్వాతి వారం మళ్లీ కట్టె పలికింది. ఈసారి గట్టిగా, వెంట వెంటనే. దుమ్ము ఒక్కసారిగా లేచింది. అతని పక్కనుంచి ఎవరెవరు దాటిపోయారో కనబడలేదు. మలుపు దగ్గర నిలబడి పిలిచాడు.

"మొగిలీ!"

పలుకు లేదు.

"కొమురెల్లీ! బుచ్చన్నా! ఎల్లేశం!"

నలుగురిలో ఒక్కరూ పలకలేదు. నలుగురూ లోపలే ఉన్నారనుకున్నాడు. మలుపు వదిలి లోపలికి నడిచాడు. లైటు ముందు తెల్లటి దుమ్ము గోడ. పక్కన దుంగ మళ్లీ కిర్రుమంది. "మొగిలీ! అరే కొమురెల్లీ! పలుకుండ్లిరా!" ఇంకా లోపలికి పోయాడు. చేత్తో నేల తడిమాడు, ఒంగి చూశాడు. గొంతు చీలిపోయేలా మూడోసారి పిలిచాడు.

"ఓ కాకా!"

గొంతు వెనక నుంచి వచ్చింది. మలుపుకు అవతలి నుంచి. ఆ వెంటనే మిగతా మూడు గొంతులు, వరసగా, ఏ ఆపదా లేనట్టు.

అతను వెనక్కి ఉరికాడు. మలుపు చేరుకున్నాక లోపల మంచమంత బండ పడింది. అతను ఒంగి చూసిన చోటే పడిందో, కొంచెం పక్కన పడిందో ఆ దుమ్ములో చెప్పలేరు. నలుగురూ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఒక్కడికీ గీత కూడా పడలేదు.

"నోట్లె ఏం పెట్టుకున్నర్రా?" అని అరిచాడు యేసుదానం. "తంబాకా? మన్నా? లోపలికి పోయిన నేను! పిలుస్తుంటే ఇనబడతలేదా?"

"ఇనబడ్డది," అన్నాడు మొగిలి, తల వంచుకుని.

"మరేంది?"

"మూడోసారి దాక పలుకొద్దనుకున్నం."

యేసుదానానికి వెంటనే అర్థం కాలేదు. చచ్చినవాడు రెండుసార్లే పిలుస్తాడని, మూడోసారి పిలిస్తేనే పలకాలని ఊళ్లో ముసలమ్మలు చెప్పే మాట అతనికీ తెలుసు. చిన్నప్పుడు వాకిట్లోంచి ఎవరైనా పిలిస్తే నాయనమ్మ అతని నోరు మూసేది. అది బాయి దాకా దిగివస్తుందని మాత్రం అనుకోలేదు.

"పిలిచేది నేను గదరా!"

"నువ్వో కాదో ఎట్ల తెలుస్తది కాకా? నీ కథలో ఆయన గూడ బతికే ఉన్ననని అనుకుంటడు గదా."

"కథరా అది! కథ! నా సొంతంగ రాసిన!"

"తిట్టకు పోరగాన్ని," అన్నాడు బుచ్చన్న. అతను యేసుదానం ఈడువాడు, ఇద్దరూ ఒకే ఏడు బాయిలో చేరారు. "నేను గూడ పలుకలే. కథనే అని నాకు ఎరికే. పైన బెంచీ మీద కూసుంటే కథనే. ఈడ, చీకట్ల, నీ గొంతు ఇనంగనే నాలుక లేవలే."

"పేర్లు మారుస్త."

"పేర్లు మారిస్తే నీ గొంతు మారుతదా?"

యేసుదానం గొడ్డలి నేలకు కొట్టాడు. బుచ్చన్న అది చూడనట్టే చెప్పుకుపోయాడు.

"రేపు పుస్తకమస్తది. బాయి మొత్తం చదువుతది. పేర్లు పిలుసుకునే గ్యాంగు మనదొక్కటే కాదు. పలకాల్సినోడు పలుకకపోతే, నీ తీర్గనే ఎవడో ఒకడు లోపటికి పోతడు. ఇగ నీ ఇష్టం."

ఆదివారం దాకా ఆగలేక, షిఫ్టు దిగి నేరుగా రమ మేడం ఇంటికి పోయాడు. మేడం అంతా విన్నారు. చాయ్ చల్లారింది.

"కథ భయపెట్టింది. మీరు కోరింది అదే కదా యేసుదానం గారూ?"

"భయపెట్టాలనుకున్న మేడం. పలుకకుండ చేయాలనుకోలే."

"కథ విన్నవాళ్లు ఏం చేస్తారన్న బాధ్యత రాసినవాడి మీద అంతా వేయకూడదు. అట్లా అయితే ఎవరూ ఏదీ రాయలేరు."

"అది నాకు తెల్వది మేడం. నేను మేస్త్రీని."

"మీరు ఇంత మంచి కథ మళ్లీ రాయలేకపోవచ్చు. నొప్పించాలని కాదు, నిజం చెబుతున్నాను."

అది అతనికి ముందే తెలుసు. అందుకే దారంతా పెడల్ అంత గట్టిగా తొక్కాడు. ఇరవై ఏళ్లు ఒక్క మనిషిని భయపెట్టలేక చచ్చాడు. తీరా భయపెడితే ఇది. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియడం లేదు. మొగిలి అడిగింది న్యాయమే. బుచ్చన్న అన్నది న్యాయమే. మేడం చెప్పింది కూడా న్యాయమే. అందరిదీ న్యాయమైనచోట తనకు మిగిలింది ఏంది?

"ఇచ్చేయండి మేడం," అన్నాడు.

ఆమె కాగితాలు తెచ్చి ఇచ్చారు. గుమ్మం దాకా వచ్చి, "రేపే ప్రెస్సుకు ఇవ్వాలి. మీ పేరు ముందే ఇచ్చేశాను. ఆ బంగ్లా కథన్నా ఉందా?" అన్నారు.

మర్నాడు బాయి దిగే ముందు గ్యాంగుకు చెప్పాడు, కథ వాపసు తెచ్చానని. ఎవరూ మెచ్చుకోలేదు. మొగిలి మాత్రం అతని టిఫిన్ డబ్బా తను పట్టుకున్నాడు. కొన్నాళ్లకు మళ్లీ కట్టె పలికింది. అతను పిలిచాడు. పేరు పూర్తికాకముందే పలికారు. బుచ్చన్న ఒక్కడు పలికి ఊరుకోలేదు. దుమ్ములోంచి దగ్గరికి వచ్చి, మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి కాసేపు ఉంచాడు. వెచ్చగానే ఉందనుకున్నాడేమో, తీశాడు. అప్పటినుంచి ప్రతిసారీ అంతే. యేసుదానం వద్దనలేదు. వద్దంటే అనుమానం పెరుగుతుంది.

పుస్తకం దసరా దాటాక వచ్చింది. అట్ట మీద గబ్బిలం ఉంది. అతని కథ నలభై మూడో పేజీలో, "పాడుబడ్డ బంగ్లా, యేసుదానం" అని నల్లటి అక్షరాల్లో ఉంది. సాలెగూళ్లు, దీపం, చచ్చిన భార్య ఫోటో, అన్నీ ఉన్నాయి. సుసన్నా ముందు పేరు మీద వేలు పెట్టి చూసింది. పక్కింటివాళ్లకు చూపించి వచ్చింది. ఆ తర్వాత గడప మీద కూర్చుని, కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. యేసుదానం మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎక్కడిదాకా వచ్చిందో పేజీ తిప్పిన చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది.

"ఇగో," అంది సుసన్నా. "దూలం కిర్రుమన్నదట గదా?"

అతను పలకలేదు.

"ఏమయ్యా, నిన్నే."

పలకలేదు.

"పిలుస్తుంటే ఇనబడతలేదా? గాయన కుర్సీలకెంచి ఎందుకు లేస్తలేడు?"

"చెవుడు," అన్నాడు యేసుదానం.